మేరీ రోజ్ విండ్లు: ఒక ప్రాచీన ఆయుధ పునర్నిర్మాణము

ప్రాచీన ఆయుధముల బలమును నిర్ణయించుట సులభమైన పని కాదు. ఇనుప ఫిరంగిగుండు శతాబ్దముల తరువాతను గుండుగనే ఉండును. విల్లు అట్లు కాదు. కొయ్య మిగిలినను కొమ్ము, నారి నశించిపోవును. ఇంగ్లండులోని ‘మేరీ రోజ్’ ఓడ విండ్ల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణము.

ఎనిమిదవ హెన్రీ రాజుయొక్క ఈ యుద్ధనౌక 1545 జూలై 19న పోర్ట్స్‌మత్ సమీపమున, ఫ్రెంచివారితో పోరుచుండగా మునిగిపోయినది. 1840 ప్రాంతమున డీన్ సోదరులు దానినుండి కొన్ని విండ్లను పైకి తీసిరి. ఓడ శిథిలమును 1982 అక్టోబరు 11న వెలికి తెచ్చిరి. చెక్కుచెదరని విండ్లు 137, బాణములు 3,500కు పైగా లభించినవి.

ఈ విండ్లు ‘యూ’ అను వృక్షపు కొయ్యతో చేసినవి. సగటు పొడవు 1.98 మీటర్లు. విల్లు వంగినప్పుడు వెలుపలి వైపు సాగును, లోపలి వైపు నొక్కుకొనును. యూ చెట్టు లేతకొయ్య సాగుటకు ఓర్చును. చేవ నొక్కుడుకు ఓర్చును. అందుచేత లేతకొయ్యను వెలుపలికి, చేవను విలుకాని వైపునకు ఉంచి విల్లును చెక్కెడివారు. ఒకే కొయ్యలో రెండు గుణములు ఇట్లు కలిసివచ్చినవి.

అసలు విల్లునకే క్రొత్త నారి కట్టి లాగి చూడరాదా? కొన్నింటిని అట్లు పరీక్షించిరి. కాని నాలుగు శతాబ్దములు సముద్రములో ఉండుటచే కొయ్య క్షీణించినది; కనబడిన బలము పూర్వపు బలము కాదు. పైగా విల్లు విరిగినచో ఆధారమే పోవును. కనుక నకళ్లు చేయవలసివచ్చినది.

నకలు నమ్మదగినది కావలెనన్న ప్రతి భాగమును సరిపోవలెను. అమెరికా వైద్యుడు శాక్స్‌టన్ పోప్ 1923లో ప్రచురించిన గ్రంథములో, అంతకుముందే దొరికిన ఒక మేరీ రోజ్ వింటి నకలును వర్ణించెను. అది అమెరికా యూ కొయ్యతో చేసినది. 28 అంగుళములు లాగినప్పుడు దాని బలము 70 పౌనుల లోపే.

వింటి కొనలకు తొడిగిన కొమ్ము కొప్పులు దాదాపు అన్నియు కుళ్లిపోయినవి. అయినను అవి ఉన్నచోట కొయ్య రంగు వేరుగా ఉన్నది. నారి ఒరిసిన గాడి ఒక ప్రక్క మాత్రమే కలదు. కొప్పు ఆకారమును దీనినిబట్టి గ్రహించిరి. నారి ఒక్కటియు మిగులలేదు. కాని బాణపు మొదట నారి ఇమిడెడి గాడి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. నారి అంతకంటె లావుగా ఉండుటకు వీలులేదు. బాణముల పొడవు విల్లును సుమారు 30 అంగుళములు లాగెడివారని తెలిపినది.

ఈ కొలతలతో నకళ్లను చేసి పరీక్షించిరి; గణితముచేతను లెక్కించిరి. రాబర్ట్ హార్డీ అంచనా ప్రకారము ఈ విండ్ల బలము 100 నుండి 185 పౌనులు. అధికభాగము 150–160 పౌనులు. అనగా సుమారు 70 కిలోగ్రాముల బరువును ఎత్తునంత బలముతో నారిని లాగవలెను. ఓడలో దొరికిన కొన్ని అస్థిపంజరముల భుజపుటెముకలలోని విశేషము, బాల్యమునుండి చేసిన విలువిద్యాభ్యాసమును సూచించునని పరిశోధకులు భావించిరి.

నశించిన భాగమును ఊహతో పూరించరాదు; మిగిలిన భాగముపై అది వదలిన గుర్తును వెదకవలెను. ఒక గాడి వెడల్పు, ఒక రంగు మరక సయితము సాక్ష్యము కాగలవు.