బాండ్ ఒక్కడే, గేమ్‌లు మాత్రం ఎందుకింత తేడా?

నందికొట్కూరు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. ఈరోజు టాపిక్ జేమ్స్ బాండ్. సినిమాలు కాదప్పా, గేమ్‌లు. 1982 నుంచి ఇప్పటిదాకా బాండ్ పేరు మీద ఇరవైకి పైగా గేమ్‌లు వచ్చినాయి. వాటిలో ఒకటి షూటింగ్ గేమ్‌ల దారినే మార్చేసింది. ఇంకొన్నిటిని అభిమానులు కూడా గుర్తుపెట్టుకోలేదు. హీరో అదే, మ్యూజిక్ అదే, 007 నంబరూ అదే. మరి తేడా ఎక్కడొచ్చింది?

ఇది మనకెందుకు అంటారేమో. మనకూ బాండ్ కొత్త కాదు. మొదటి బాండ్ సినిమా 1962లో వస్తే, నాలుగేళ్లకే 1966లో మన కృష్ణ గారు 'గూఢచారి 116' చేసి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్నారు. 1971లో 'జేమ్స్ బాండ్ 777' కూడా చేశారు. 2018లో అడివి శేష్ 'గూఢచారి' వచ్చింది, అందులోనూ ఏజెంట్ నంబర్ 116. సినిమాలో గూఢచారిని ఎట్లా చూపించాలో మనోళ్లకు బాగా తెలుసు. గేమ్‌లో ఎట్లా ఆడించాలి? ఆ ప్రశ్నకు ఈ నలభై ఏళ్ల కథలో జవాబుంది.

బోర్డు మార్చిన అంగళ్లు

1982లో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్‌కు 'షేకెన్ బట్ నాట్ స్టిర్డ్' అని ఒక గేమ్ వచ్చింది. అంతా అక్షరాలే. మీరు టైప్ చేయాలి, అది జవాబు చెప్పాలి. మరుసటి ఏడాది పార్కర్ బ్రదర్స్ వాళ్లు అటారీ మీదికి బాండ్‌ను తెచ్చారు. అప్పటి మెషిన్లకు అంతకంటే ఎక్కువ మోయడం కష్టం, కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

అసలు సమస్య తర్వాత మొదలైంది. 1985లో డోమార్క్ అనే బ్రిటిష్ కంపెనీ 'ఎ వ్యూ టు ఎ కిల్' గేమ్ తెచ్చింది. అక్కడి నుంచి వరసగా బాండ్ గేమ్‌లు అమ్మింది. 1988లో వాళ్లు అమ్మిన 'లివ్ అండ్ లెట్ డై' సంగతి చూడండి. ఆ సినిమా 1973ది. గేమ్ మొదలైంది కూడా బాండ్ కోసం కాదు. 'ఆక్వాబ్లాస్ట్' అని వేరే పడవ గేమ్ ఒకటి తయారవుతా ఉంటే, సినిమాలో పడవ ఛేజ్ ఉంది కదా అని బాండ్ పేరు తగిలించేశారు. 1990లో ఫ్రాన్స్‌కు చెందిన డెల్ఫీన్ కంపెనీ 'ఆపరేషన్ స్టెల్త్' అని సొంత గూఢచారి గేమ్ చేసింది. అమెరికాలో అమ్మేటప్పుడు హీరో పేరు మార్చి జేమ్స్ బాండ్ అన్నారు. పాత అంగడికి కొత్త బోర్డు పెట్టినట్టు. లోపల సరుకు అదే.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. లైసెన్స్ అంటే పేరు వాడుకునే హక్కు. అంతే. ఆ పేరు గేమ్‌ను అమ్ముతుంది గానీ తయారు చేయదు.

ఆలస్యంగా వచ్చి గెలిచినోడు

'గోల్డెన్‌ఐ' సినిమా 1995 నవంబర్‌లో విడుదలైంది. గేమ్ 1997 ఆగస్టులో, నింటెండో 64 మీద వచ్చింది. అంటే 21 నెలలు లేటు. మామూలుగా అయితే ఆ గేమ్ పని అయిపోయినట్టే, సినిమా వేడి ఎప్పుడో చల్లారిపోయింది. పైగా చేసింది ఇంగ్లండ్‌లోని రేర్ అనే స్టూడియోలో ఒక చిన్న టీమ్. పట్టుమని పది మంది, వాళ్లలో ఎక్కువ మందికి అదే మొదటి గేమ్. నడిపించింది మార్టిన్ హాలిస్.

అదే గేమ్ 80 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది.

ఎట్లా? వాళ్లు సినిమా షూటింగ్ సెట్లకు వెళ్లి ఫొటోలు తీసుకున్నారు. ఆ స్థలాలను ముందు నిజమైన బిల్డింగుల్లా కట్టేశారు. శత్రువు ఎక్కడ నిలబడాలి, మిషన్ ఏంటి అనేది చాలావరకు తర్వాత పెట్టారు. దీనివల్ల ఏమైందంటే, ఒకే దారిలో తోసుకుంటా పోయే గేమ్ కాకుండా, ఎటువైపు నుంచి పోవాలో మనమే తేల్చుకునే గేమ్ అయింది. ఉత్త గదులు, పనికిరాని దారులు కూడా ఉంటాయి. నిజం బిల్డింగులో ఉండవా మరి?

ఇంకోటి, సౌండ్. మామూలు తుపాకీ పేలిస్తే చుట్టుపక్కల కాపలా వాళ్లకు వినిపించి పరిగెత్తుకొస్తారు. సైలెన్సర్ ఉన్నదైతే నెమ్మదిగా పని కానివ్వొచ్చు. అలారం మోగించకముందే ఆపాలి. కష్టం లెవెల్ పెంచితే శత్రువుల బలం పెరగడంతో పాటు మిషన్‌లో చేయాల్సిన పనులు కూడా పెరుగుతాయి. అంటే అదే లెవెల్‌ను రెండోసారి ఆడితే కొత్త పని దొరుకుతుంది. ఈ ఆలోచన వాళ్లకు 'సూపర్ మారియో 64' నుంచి వచ్చింది.

నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని కొట్టుకునే మల్టీప్లేయర్ గురించి అందరూ చెబుతారు కదా, అది మొదటి ప్లాన్‌లో లేనే లేదు. చివరి నెలల్లో స్టీవ్ ఎల్లిస్ అనే ప్రోగ్రామర్ జోడించాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోళ్లకు తెలుసు, డెడ్‌లైన్ నెత్తి మీద ఉంటే ఇట్లాంటి ఫీచర్ లిస్టులోంచి మొదట ఎగిరిపోతుంది. ఇక్కడ టైమ్ దొరికింది, అది బతికింది.

అయితే టైమ్ ఇస్తే చాలా?

చాలదు. 1999లో బాండ్ హక్కులు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతికొచ్చాయి. వాళ్ల మొదటి గేమ్ 'టుమారో నెవర్ డైస్'. సినిమా 1997 డిసెంబర్‌ది, గేమ్ 1999 చివర్లో వచ్చింది. ఇది కూడా రెండేళ్లు లేటే. కానీ మల్టీప్లేయర్ లేదు, గూఢచారి పనీ పెద్దగా లేదు, వచ్చినోణ్ని వచ్చినట్టు కాల్చుకుంటా పోవడమే.

పోనీ సినిమాతో సంబంధం లేని సొంత కథ అయితే బాగుంటుందా? 2002 'నైట్‌ఫైర్' సొంత కథే, కన్సోల్ మీద బాగుంది. 2004 'ఎవ్రీథింగ్ ఆర్ నథింగ్' ఇంకా బాగుంది. పియర్స్ బ్రాస్నన్ స్వయంగా గొంతు ఇచ్చాడు, విలన్‌గా విల్లెం డెఫో. సినిమాకు రాసినట్టే కథ రాసుకుని, కారు, బైకు, గోడ మీద నడక, గ్యాడ్జెట్లు అన్నీ ఆడే వాడి చేతికిచ్చారు. అదే ఏడాది చివర్లో అదే కంపెనీ 'గోల్డెన్‌ఐ: రోగ్ ఏజెంట్' తెచ్చింది. అదీ సొంత కథే. కానీ అందులో హీరో బాండ్ కాదు, రేర్ చేసిన ఆటతో సంబంధం లేదు, ఉన్నదల్లా పాత గేమ్ పేరు మీద జనానికున్న ప్రేమ. ఆ ప్రేమను అమ్ముకోవాలని చూశారు, జనం పట్టేసుకున్నారు.

నైట్‌ఫైర్ గురించి మనలాంటోళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కన్సోల్ వెర్షన్ చేసింది యూరోకామ్, పీసీ వెర్షన్ చేసింది గేర్‌బాక్స్. పీసీలో కారు నడిపే లెవెల్స్ తీసేశారు, మిగతాది కూడా వేరే. పేరూ బొమ్మా ఒకటే, లోపల గేమ్ రెండు. మన చిన్న ఊర్లలో కన్సోల్ ఎవరింట్లో ఉండేది? నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి పీసీలో ఆడినోళ్లే ఎక్కువ. అట్లా ఆడినోళ్లు చూసింది రెండిట్లో తక్కువ రకం.

ఒకే స్టూడియో, రెండు తలరాతలు

ఈ యూరోకామ్ కథే నాకు అన్నిటికంటే బాధగా అనిపిస్తుంది. 2000లో నింటెండో 64 మీద 'ది వరల్డ్ ఈజ్ నాట్ ఇనఫ్' చేసింది వాళ్లే. నైట్‌ఫైర్ వాళ్లదే. హక్కులు యాక్టివిజన్‌కు పోయాక 2010లో వీ కన్సోల్ కోసం కొత్త 'గోల్డెన్‌ఐ' చేసి మెప్పించిందీ వాళ్లే. పని రానోళ్లు కాదు.

2012లో బాండ్ సినిమాలకు 50 ఏళ్లు. ఆ పండగకు '007 లెజెండ్స్' కావాలన్నారు. ఆరు సినిమాలు ముక్కలుగా తెచ్చి కుట్టాలి, అక్టోబర్‌లో దించాలి. ఆరో సినిమా 'స్కైఫాల్' అప్పటికింకా పూర్తిగా విడుదల కాలేదు, అందుకే ఆ మిషన్‌ను తర్వాత డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. ముఖం డేనియల్ క్రెయిగ్‌ది, గొంతు మాత్రం వేరే వాళ్లది. రివ్యూలు ఉతికి ఆరేశాయి. ఆ డిసెంబర్‌లోనే యూరోకామ్ మూతపడింది. అంతకు ముందు ఏడాది, 'బ్లడ్ స్టోన్' అనే బాండ్ గేమ్ చేసిన బిజార్ క్రియేషన్స్‌ను కూడా మూసేశారు. మూతకు గేమ్ ఒక్కటే కారణం అనను. కానీ తారీఖు పెట్టేది పైనోళ్లు, ఉద్యోగం పోయేది కోడ్ రాసినోళ్లది. ఇది గుర్తుండాలి.

2013 మొదట్లో యాక్టివిజన్ బాండ్ గేమ్‌లు స్టీమ్‌లోంచి మాయమైపోయాయి. 1966 నాటి సినిమా ఇవాళ ఫోన్‌లో చూడొచ్చు, 2010 నాటి గేమ్ కొందామంటే దారి లేదు. అసలు గోల్డెన్‌ఐ కూడా హక్కుల పీటముడిలో ఇరుక్కుని, 2023 జనవరిలో గానీ మళ్లీ బయటికి రాలేదు.

మన హైదరాబాద్ సంగతి

సినిమా పేరుతో గేమ్ చేయడం మన దగ్గరా జరిగింది. 2008 చివర్లో హిందీ 'గజిని' వచ్చినప్పుడు, పీసీలో త్రీడీ గేమ్ చేసింది హైదరాబాద్ ఎఫ్ఎక్స్ ల్యాబ్స్. 'డాన్ 2' సినిమా 2011ది. దాని మీద ప్లేస్టేషన్ 2 గేమ్ చేసింది హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర. వచ్చింది 2013లో, అంటే ప్లేస్టేషన్ 4 విడుదలైన ఏడాది. 2017లో 'బాహుబలి' మొబైల్ గేమ్‌ను బెంగళూరు మూన్‌ఫ్రాగ్ చేసింది. కోట కట్టు, సైన్యం పెంచు, కాపాడుకో. మాహిష్మతికి సరిపోయింది, కానీ అప్పటికే క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడినోడికి అది కొత్త ఆట కాదు.

చేయగలిగినోళ్లు మన దగ్గర ఉన్నారు. అడగాల్సిన ప్రశ్న మార్చాలి. చెత్త గేమ్ చేసినోళ్లు "సినిమాలో ఏ సీన్ చూపిద్దాం?" అని అడిగారు. మంచి గేమ్ చేసినోళ్లు "గూఢచారి ఏం పని చేస్తాడు? ఆ పని ఆడేవాడితో ఎట్లా చేయిద్దాం?" అని అడిగారు. దాక్కోవడం, వినడం, దారి వెతకడం, శబ్దం రాకుండా బయటపడటం. ఇది తేలాకే టైమ్ ఉపయోగపడుతుంది. ఏ విత్తనం వేయాలో తెలియనోడికి వాన ముందు పడినా, వెనక పడినా ఒకటే కదా.

ఇప్పుడు బాండ్ హక్కులు డెన్మార్క్‌కు చెందిన ఐఓ ఇంటరాక్టివ్ దగ్గర ఉన్నాయి. 'హిట్‌మ్యాన్' చేసింది వాళ్లే. 2020లో ప్రకటించి, '007 ఫస్ట్ లైట్' పేరుతో 2026కు పెట్టుకున్నారు. ఏ సినిమా విడుదల తారీఖుకూ కట్టేసిన గేమ్ కాదు, సొంత కథ. ఆశ పడొచ్చు. కానీ పేరు చూసి ముందే డబ్బులు కట్టకండి. పది నిమిషాల ఆట వీడియో చూడండి, మీ ఫోన్‌కో మీ పీసీకో వచ్చేది ఏ వెర్షనో కనుక్కోండి, అప్పుడు కొనండి.

గేమ్‌లు చేయాలని ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక పని. 'గూఢచారి 116'కు ఒకే ఒక్క లెవెల్ చేయాలి అనుకోండి. కాల్పులు ఉండకూడదు. ఆడేవాడు ఏం చేస్తాడు? రెండు లైన్లలో కామెంట్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడుకుందాం. ఉంటా మరి.