ఆకుకు పొగగొట్టం, అమ్మమ్మకు ఊదుగొట్టం

చలిదేశాల వాళ్ళు కట్టెల పొయ్యి గురించి రాస్తే బయట మంచు, లోపల వెచ్చదనం ఉంటాయి. 1744లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఇనప పొయ్యి గురించి వేసిన కరపత్రంలో లెక్క కూడా అదే: తక్కువ కట్టెతో గది ఎక్కువ వెచ్చబడాలి. మా నల్లపాడులో ఈ లెక్క ఎవరిక్కావాలి? గుంటూరు ఎండల్లో ఇల్లు వెచ్చబెట్టుకోవడమేమిటి! ధనుర్మాసంలో వాకిట్లో నాలుగు పుల్లలేసి చలి కాచుకుంటే చాలు.

అయినా మంట పెట్టి వెచ్చబెట్టిన ఇళ్ళు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నాయి. కాకపోతే వాటిలో ఉన్నది మనుషులు కాదు, పొగాకు.

ఐ.ఎల్.టి.డి. కంపెనీ 1912లో ఏర్పడింది. 1920ల్లో వర్జీనియా పొగాకుతోపాటు గుంటూరు ప్రాంతానికి బ్యారన్లు వచ్చాయి. బ్యారన్ అంటే ఎత్తైన, మూసిన గది. పచ్చి ఆకును కర్రలకు అల్లి లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. పొయ్యి నోరు గోడ బయట ఉంటుంది. కట్టెల వేడో, బొగ్గు వేడో నేల మీది రేకు గొట్టాల గుండా గదంతా తిరుగుతుంది, పొగ మాత్రం పొగగొట్టంలోంచి పైకి పోతుంది. ఐదారు రోజులు మెల్లగా పెంచుతూ చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. చూసుకోవడానికి లోపల థర్మామీటరు. గొట్టానికి చిల్లి పడి పొగ తగిలిందా, ఆకు వాసన పట్టి ధర పడిపోతుంది.

అదే సీమలో వంటింటి పొయ్యికి పొగగొట్టం లేదు, ఊదుగొట్టం ఉంది. మా నల్లరేగడిలో వంటచెరకు అంటే మొద్దులు కాదు. పత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె, పిడకలు, గట్ల మీది సర్కారు తుమ్మ. పత్తికట్టె గబుక్కున అంటుకుని గబుక్కున ఆరిపోతుంది. అన్నం ఉడికేదాకా ఒకరు ముందు కూర్చుని ఎగదోస్తూనే ఉండాలి. మిరపకట్టెకు ఒక్క ఎండుకాయ మిగిలినా ఇల్లంతా దగ్గే. అమ్మమ్మ కళ్ళ ఎరుపు ఆమె ముఖంలో భాగమనే చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

పరిష్కారం దూరంగా ఏమీ లేదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు పొగరాని మట్టిపొయ్యి తయారుచేసి, 1953లో దానిమీద పుస్తకం వేశారు. మూసిన మట్టి సొరంగం, పైన గిన్నెలకు వరసగా కన్నాలు, చివర పొగగొట్టం. ఇంజినీరు కంటితో చూస్తే ఇది బ్యారన్‌కి చుట్టమే. ఆయన గృహిణికి చెప్పిన ఐదు విముక్తుల్లో పొగ, మసితోపాటు వేడి కూడా ఉంది. ఫ్రాంక్లిన్ గదిలోకి తెచ్చిన వేడిని రాజు గదిలోంచి తప్పించాలనుకున్నారు. మన వాతావరణానికి అదే సరైన లెక్క.

1983 చివర్లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ముగిసేలోగా దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టారు. చాలా ఇళ్ళలో అవి నిలవలేదు. గొట్టానికి మసి పడుతుంది, తీసేదెవరు? చిన్న నోటికి సరిపోయేలా పత్తికట్టెను పొట్టిగా విరవాలి, విరిచేదెవరు? రెండిటికీ ఒకే మనిషి. బ్యారన్ దగ్గర మాత్రం రాత్రంతా మంట చూడ్డానికి కూలిచ్చి మనిషిని పెట్టారు.

తేడా టెక్నాలజీలో లేదు. ఆకుకు పొగ తగిలితే ఎంత నష్టమో వేలంలో తేలిపోయేది. వంటింటి పొగకు అలాంటి వేలం లేదు. దేశంలో దాన్ని పల్లె ఆడవాళ్ళ ఒంటికి పరికరాలు తగిలించి కొలిచింది 1980ల మొదట్లో, గుజరాత్‌లో, కిర్క్ స్మిత్ బృందం. అప్పటికి బ్యారన్లలో థర్మామీటరు చూడడం మొదలై యాభై ఏళ్ళు దాటింది.

1999లో దీపం పథకంతో మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. కనెక్షన్ వచ్చినంత మాత్రాన సిలిండర్ దానంతటది నిండదు. అందుకే పెరటి నీళ్ళపొయ్యిలో పత్తికట్టె ఇంకా మండుతోంది. హైవే మీద 'కట్టెల పొయ్యి భోజనం' బోర్డు చూసి ఆగేవాళ్ళలో నేనూ ఒకణ్ణే. రుచి బావుంటుంది, కాదనను. ఈసారి ఆగినప్పుడు మాత్రం వెనక్కి వెళ్ళి, ఆ పొయ్యికి గొట్టం ఉందో లేదో కూడా చూసి రండి.