బి.జి. హార్నిమన్

బెంజమిన్ గై హార్నిమన్ (1873–1948) భారత జాతీయోద్యమం పక్షాన కలం పట్టిన బ్రిటిష్ పాత్రికేయుడు, రచయిత. ఇంగ్లండులోని ససెక్స్‌లో పుట్టారు. 1894లో పోర్ట్స్‌మత్‌లో ఒక సాయంకాల పత్రికలో ఉద్యోగం మొదలుపెట్టి, ‘మాంచెస్టర్ గార్డియన్’ వంటి పత్రికల్లో పనిచేశారు. 1906లో కలకత్తా ‘స్టేట్స్‌మన్’లో చేరేందుకు భారతదేశం వచ్చారు.

ఆయన పేరు మారుమోగింది మాత్రం బొంబాయిలో. తెల్లవారి వాణిగా చెలామణి అవుతున్న ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’కు దీటుగా ఫిరోజ్‌షా మెహతా 1913లో ‘బాంబే క్రానికల్’ దినపత్రిక స్థాపించి, హార్నిమన్‌ను సంపాదకుడిగా పెట్టుకున్నారు. మెహతా మితవాది. ఆయన పోయాక పత్రిక అనీబిసెంట్ హోం రూల్ ఉద్యమం వైపు గట్టిగా మొగ్గింది. హార్నిమన్ హోం రూల్ లీగ్ ఉపాధ్యక్షుడయ్యారు. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీజీ ఏర్పాటు చేసిన సత్యాగ్రహ సభలోనూ ముందున్నారు.

అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత పంజాబు వార్తలు బయటికి పొక్కకుండా ప్రభుత్వం గట్టి కట్టడి పెట్టింది. ‘క్రానికల్’ ఆ కట్టడిని లెక్కచేయలేదు. 1919 ఏప్రిల్ 26న హార్నిమన్‌ను అరెస్టు చేసి, ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపేశారు. ఆయన విలేకరి గోవర్ధన్ దాస్‌కు మాత్రం 3 ఏళ్ల జైలు పడింది. నేరం ఒకటే అయినా శిక్ష రంగును బట్టి మారిందన్నమాట. సెన్సారు దెబ్బకు పత్రిక కొంతకాలం ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికే ‘యంగ్ ఇండియా’ పత్రిక గాంధీజీ చేతికి వచ్చింది.

ప్రభుత్వం ఆశించిన ఫలితం దక్కలేదు. తనతో రహస్యంగా తీసుకెళ్లిన ఫొటోలతో హార్నిమన్ ఆ ఘోరాన్ని లండన్ ‘డైలీ హెరాల్డ్’ ద్వారా బ్రిటిష్ పాఠకుల ముందు పెట్టారు. 1920లో అమృత్‌సర్ మారణకాండపై, భారత్ పట్ల బ్రిటన్ బాధ్యతపై పుస్తకం రాశారు. ఆయన రచనల్లో నేటికీ చరిత్రకారులు తిరగేసేది అదే.

తిరిగి వచ్చేందుకు ప్రభుత్వం ఎంతకీ ఒప్పుకోకపోవడంతో, చట్టంలోని ఒక లొసుగును వాడుకుని 1926 జనవరిలో భారత్ చేరుకున్నారు. మళ్లీ ‘క్రానికల్’ నడిపి, 1933లో ‘బాంబే సెంటినెల్’ సాయంకాల పత్రిక ప్రారంభించారు. 1941లో రూసీ కరంజియా, దినకర్ నాద్‌కర్ణిలతో కలిసి ‘బ్లిట్జ్’ వారపత్రికకు పునాది వేశారు. స్వాతంత్ర్యం చూసి, మరుసటి ఏడాది అక్టోబరులో కన్నుమూశారు.

బొంబాయి గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ పేరుతో టౌన్ హాలు ఎదుట ఉన్న ప్రాంగణాన్ని స్వాతంత్ర్యం తర్వాత హార్నిమన్ సర్కిల్‌గా మార్చారు.