ఎర్రబడటం (సిగ్గు)

సిగ్గేసినప్పుడో, నలుగురిలో పొగిడినప్పుడో, దాచిన తప్పు బయటపడినప్పుడో ముఖానికి రక్తం పోటెత్తి ఎర్రబడటం. దీనిని ఒక్క ముక్కలో చెప్పే వాడుక క్రియ తెలుగులో లేదు. ‘అతని ముఖం ఎర్రబడింది’ అని ఊరుకుంటే వినేవాళ్లు కోపమనే అనుకుంటారు. జేవురించడమూ కోపానిదే, జేగురు అంటే ఎర్రమన్ను. కందిపోవడం ఎండకో, దెబ్బకో. ‘సిగ్గుతో’ అని ముందు తగిలిస్తే గాని ఎరుపు ఇటు తిరగదు. ‘చెంపలు కెంపులయ్యాయి’ అనేది ప్రాస కుదరడం వల్ల కథల్లో, పాటల్లో బతుకుతున్న మాట. ఇంట్లో ఎవరూ అలా అనరు.

శరీరంలో జరిగేది మాత్రం అందరికీ ఒకటే. సహానుభూత నాడుల ప్రేరణతో ముఖంలోని సన్నని రక్తనాళాలు విప్పారతాయి. బుగ్గలు, చెవులు, మెడ వేడెక్కుతాయి. కావాలని తెచ్చుకోలేం, వద్దని ఆపలేం. థామస్ బర్జెస్ అనే వైద్యుడు 1839లో దీనిమీదే ఒక పుస్తకం రాశాడు. 1872లో చార్లెస్ డార్విన్ భావోద్వేగాల వ్యక్తీకరణపై రాసిన గ్రంథంలో ఒక అధ్యాయం కేటాయించి, మనిషి ముఖకవళికలన్నిటిలోకీ మనిషికే ప్రత్యేకమైనది ఇదేనన్నాడు. చామనఛాయ, నలుపు చర్మాల్లోనూ ఈ రక్తపు పోటు ఉంటుంది. రంగు మారడమే పైకి అంతగా తెలియదు.

తెలుగు నుడికారం రంగును వదిలి ఒంటి తీరును పట్టుకోవడానికి ఇదొక కారణం కావచ్చు. సిగ్గుపడేవాళ్లు తల వంచుకుంటారు, మెలికలు తిరుగుతారు, ముడుచుకుపోతారు, బొటనవేలితో నేల రాస్తారు. అవమానమైతే తల కొట్టేసినట్టవుతుంది, మొహం చెల్లదు. ఈ చూపు కొత్తదేం కాదు. నాట్యశాస్త్రం 33 సంచారి భావాల్లో ఒకటైన ‘వ్రీడ’కు తల దించుకోవడం, నేలమీద గీతలు గీయడం, బట్టనూ ఉంగరాన్నీ తడమడం, గోళ్లు కొరకడం గుర్తులుగా చెప్పింది. రంగు మారడానికి ‘వైవర్ణ్యం’ అని వేరే సాత్త్విక భావం పెట్టి, దాని కారణాల్లో చలి, కోపం, భయం, శ్రమ, రోగం చేర్చింది. సిగ్గును చేర్చలేదు!

‘సిగ్గు’ ద్రావిడ పదం. కన్నడంలోనూ ఉంది, కాకపోతే అక్కడ ఇప్పుడు ‘నాచికె’దే వాడుక. పాత తెలుగులో ‘నాన’ కూడా ఉండేది. ‘సిగ్గూ ఎగ్గూ’లో ఎగ్గు అంటే కీడు, తప్పు. ‘సిగ్గూ శరం’లోని శరం పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చి సిగ్గు పక్కన కూర్చుంది.

అదే శరం అండమాన్‌లో హిందీ రూపంలో రోజూ వినిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లోని ఫీనిక్స్ బే జెట్టీలో దీవుల పడవ కోసం నిలబడిన కుర్రాణ్ణి ‘ఏటి బావా, పెళ్లి కుదిరిందట?’ అని తెలుగులో అడిగితే, అతను చెప్పుతో సిమెంటు నేలను రాస్తూ నీళ్లకేసి చూస్తాడు. పక్కనున్న బెంగాలీ స్నేహితుడు ‘శర్మా రహా హై’ (సిగ్గుపడుతున్నాడు) అంటాడు. హిందీలో సిగ్గుతో ఎర్రబడటమూ ఉంది, ‘పానీ పానీ’ (నీళ్లు నీళ్లు) అయిపోవడమూ ఉంది. తెలుగువాళ్లకు మాత్రం ‘సిగ్గేస్తంది’ చాలు.

ఇంగ్లీషు ‘బ్లష్’ ఇటీవల రెండు దారుల్లో వచ్చింది. ఒకటి పెళ్లికూతురి బుగ్గలకద్దే రంగు. రెండోది కుర్రకారు మాట: ‘ఏంటే, బ్లష్ అవుతున్నావ్?’ ఈ ప్రశ్న వేసేది ఎర్రబడ్డ బుగ్గలను చూసి కాదు, వంచిన తలను చూసే.