గేటు దగ్గర అభిమానులు: బీటిల్స్ చరిత్రలో కొన్ని అనుకోని కలయికలు

ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు నేను మన డోలి గురించో, కొమ్ము బూర గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఇంగ్లండుకు చెందిన నలుగురు కుర్రాళ్ల గురించి, వాళ్ల కోసం గేట్ల దగ్గర నిలబడ్డ పిల్లల గురించి రాస్తున్నాను. దానికి కారణం మా హాస్టల్ గేటు దగ్గర జరిగిన ఒక సంగతి.

కొన్నేళ్ల కిందట జాతర రోజులు. సాయంత్రం స్టడీ అవర్ నడుస్తోంది. మా గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఒక వ్యాను ఆగింది. అందులో జాతరలో పాడటానికి వెళ్తున్న పాటల బృందం ఉంది. వాళ్ల పాటలు మా పిల్లలకు కంఠతా వచ్చు. ఎవరు ముందు గుర్తుపట్టారో గానీ, తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు వాచ్‌మన్ కళ్లుగప్పి రోడ్డు దాటారు. పది నిమిషాల్లో నవ్వుకుంటూ తిరిగొచ్చారు. నేను నవ్వలేదు. అది లారీలు తిరిగే రోడ్డు, వీళ్లు ఆడపిల్లలు, ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది నేను. మర్నాడు తల్లిదండ్రులను పిలిపించి, పిల్లల ముందే గట్టిగా మాట్లాడాను. ఇద్దరు పిల్లలు ఏడ్చి ఊరుకున్నారు. మూడో పిల్లను మాత్రం తండ్రి పెట్టె సర్దించి ఇంటికి తీసుకుపోయాడు. వారం గడిచినా పంపలేదు.

ఆ ఖాళీ మంచం చూస్తూ గడిపిన రోజుల్లోనే, మా అబ్బాయి వినే బీటిల్స్ పాటల పుణ్యమా అని ఆ బృందం చరిత్ర చదివాను. మా పిల్లలు చేసిన పని ప్రపంచానికి కొత్త కాదని అప్పుడు తెలిసింది.

చర్చి ఉత్సవంలో మొదలు

బీటిల్స్ కథే ఇలాంటి ఒక కలయికతో మొదలైంది. 1957 జూలై 6, శనివారం. లివర్‌పూల్ నగర శివారు వూల్టన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి వార్షిక ఉత్సవం. అక్కడ క్వారీమెన్ అనే కుర్రాళ్ల బృందం పాడుతోంది. ముందు నిలబడి పాడుతున్న జాన్ లెనన్‌కు 16 ఏళ్లు. వినడానికి వచ్చినవాళ్లలో 15 ఏళ్ల పాల్ మెకార్ట్‌నీ ఉన్నాడు. ఇద్దరికీ తెలిసిన ఒక స్నేహితుడు పరిచయం చేశాడు. పాల్ గిటారు తీసుకుని ఒక పాట తప్పు లేకుండా పాడి వినిపించాడు. కొద్ది రోజుల తర్వాత బృందంలోకి రమ్మని కబురు వచ్చింది. ఆ రోజు వేదికకూ వినేవాళ్లకూ మధ్య గోడ ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. తర్వాత జార్జ్ హారిసన్, ఆపైన 1962లో రింగో స్టార్ వచ్చి చేరారు.

కేవర్న్‌లో భోజన విరామం

లివర్‌పూల్ మాథ్యూ వీధిలో నేలమాళిగలో ఉన్న చిన్న హాలు పేరు కేవర్న్ క్లబ్. 1961 నుంచి 1963 ఆగస్టు దాకా బీటిల్స్ అక్కడ దాదాపు 300 సార్లు పాడారు. వాటిలో చాలా ప్రదర్శనలు మధ్యాహ్న భోజన వేళలో జరిగేవి. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు భోజన విరామంలో పరుగెత్తి వచ్చి విని, మళ్లీ పనికి పోయేవాళ్లు. చేయి చాస్తే అందేంత దగ్గరలో వేదిక. పాటకూ పాటకూ మధ్య కబుర్లు నడిచేవి.

అలా వచ్చిన టైపిస్టు పిల్ల ఫ్రీడా కెల్లీ. బృందం మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ ఆమెను 17 ఏళ్లకే తన దగ్గర పనిలో పెట్టుకున్నాడు. అభిమాన సంఘం బాధ్యత ఆమె మీద పడింది. తెలియనితనంతో ఇంటి చిరునామానే సంఘం చిరునామాగా ఇచ్చేసింది. ఉత్తరాలు ఇంటికి కట్టలు కట్టలుగా వచ్చిపడుతుంటే తండ్రి విసుక్కున్నాడు. పదేళ్లకు పైగా ఆమె ఆ పని చేసింది. బీటిల్స్ జుట్టు ముక్క పంపమని అడిగే అభిమానులకు వేరెవరిదో జుట్టు పెట్టి పంపబోయిన సహాయకులను పనిలోంచి తీసేసింది. తాను కూడా ఒక అభిమానే కాబట్టి అవతలి పిల్లను మోసం చేయడానికి ఆమె మనసు ఒప్పలేదు. 2013లో ఆమె మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అభిమాని నమ్మకాన్ని కాపాడటం కూడా ఒక ఉద్యోగమేనని ఆమెను చూసి నేర్చుకున్నాను.

గోడలు లేచాయి

1963 నుంచి పరిస్థితి మారిపోయింది. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో వాళ్ల పాటలను 7 కోట్లకు పైగా జనం చూశారు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియానికి 55,000 మందికి పైగా వచ్చారు. ఆ అరుపుల్లో పాట జనానికే కాదు, పాడేవాళ్లకే సరిగా వినబడలేదు. కేవర్న్‌లో ఒక అడుగు దూరంలో ఉన్నవాళ్లు ఇప్పుడు పోలీసుల వరసల వెనక్కి వెళ్లిపోయారు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరిసారిగా టికెట్టు పెట్టి పాడి, ఊరూరా తిరిగి పాడటం మానేశారు.

ఈ కాలంలోని ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. 1963 అక్టోబరులో లండన్‌లో ఒక టీవీ కార్యక్రమంలో పిల్లలకు పోటీ పెట్టారు. రికార్డు మోగుతుంటే తామే పాడుతున్నట్టు అభినయించాలి. పాల్ మెకార్ట్‌నీ న్యాయనిర్ణేత. మెలనీ కో అనే అమ్మాయికి ఆయనే బహుమతి ఇచ్చాడు. 1967 ఫిబ్రవరిలో, 17 ఏళ్ల అమ్మాయి ఇల్లు విడిచి వెళ్లిపోయిందనీ, అన్నీ అమర్చినా ఎందుకు వెళ్లిందో అర్థం కావడం లేదని తండ్రి వాపోతున్నాడనీ ఒక పత్రికలో వార్త వచ్చింది. అది చదివిన పాల్ ఆ అమ్మాయి మీద పాట మొదలుపెట్టాడు. లెనన్ తల్లిదండ్రుల మాటలు చేర్చాడు. అదే సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్‌లోని 'షీ ఈజ్ లీవింగ్ హోమ్'. ఇల్లు విడిచిన ఆ పిల్ల, తాను మూడేళ్ల కిందట బహుమతి ఇచ్చిన పిల్లే అని పాల్‌కు అప్పుడు తెలియదు.

వార్డెన్‌గా ఇది నాకు గట్టిగా తగిలింది. పిల్ల గడప దాటితే మనం ముందు అడిగేది ఎక్కడికి పోయిందని. ఎందుకు పోయిందని అడగడం చివరికి గాని గుర్తురాదు.

స్టూడియో గుమ్మంలో ఇద్దరు

ప్రదర్శనలు ఆగిపోయాక అభిమానులకు మిగిలినవి గుమ్మాలే. లండన్‌లో అబే రోడ్ మీద ఉన్న ఈఎంఐ స్టూడియో, అక్కడికి దగ్గరలోనే పాల్ ఇల్లు, తర్వాత సావిల్ రో వీధిలో వాళ్ల ఆపిల్ సంస్థ కార్యాలయం. వానలో, చలిలో ఆడపిల్లలు అక్కడ గంటలు గంటలు నిలబడేవాళ్లు. ఆపిల్ గుమ్మం దగ్గరి వాళ్లకు 'ఆపిల్ స్క్రఫ్స్' అనే పేరు పడింది. జార్జ్ హారిసన్ 1970లో వాళ్ల మీద అదే పేరుతో పాట కట్టాడు.

1968 ఫిబ్రవరి 4, ఆదివారం. లోపల 'అక్రాస్ ది యూనివర్స్' రికార్డింగు జరుగుతోంది. ఒక చోట ఆడగొంతు పై స్థాయిలో పలకాలి. ఆదివారం పూట అప్పటికప్పుడు గాయనులు దొరకరు. పాల్ బయటికి వచ్చి, పై స్వరాన్ని తెగకుండా నిలపగలవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. బ్రెజిల్ నుంచి వచ్చిన 16 ఏళ్ల లిజీ బ్రావో, లండన్ అమ్మాయి గేలీన్ పీజ్ లోపలికి వెళ్లారు. పొద్దంతా గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లలు జాన్, పాల్ పక్కన మైకు ముందు పాడారు. ఆ రికార్డింగు 1969 డిసెంబరులో వన్యప్రాణుల రక్షణ నిధి కోసం తెచ్చిన ఆల్బమ్‌లో వచ్చింది. తర్వాత 1970లో 'లెట్ ఇట్ బి' ఆల్బమ్‌లో అదే పాటను వేరే విధంగా విడుదల చేసినప్పుడు ఆ ఇద్దరి గొంతులు తీసేశారు. అయినా మొదటి రికార్డు ఉంది. ఈ రోజుకీ వినవచ్చు. లిజీ తన దేశం తిరిగి వెళ్లి సంగీత రంగంలోనే పనిచేసింది. ఆ రోజుల మీద 2015లో పుస్తకం తెచ్చింది. 2021లో కన్నుమూసింది.

రిషీకేశ్‌లో ఎనిమిది రోజులు

అదే నెలలో బీటిల్స్ మన దేశానికి వచ్చారు. గంగ ఒడ్డున రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ధ్యానం నేర్చుకోవడానికి వచ్చి అక్కడ ఎన్నో పాటలు రాశారు. వాటిలో చాలా పాటలు ఆ ఏడాది చివర వచ్చిన 'వైట్ ఆల్బమ్'లో చేరాయి.

ఆ సమయంలోనే పాల్ సాల్జ్‌మన్ అనే కెనడా యువకుడు ఆశ్రమానికి వచ్చాడు. ఒక సినిమా పని మీద ఇండియా వచ్చినవాడికి, ప్రేమించిన అమ్మాయి నుంచి ఇక వద్దంటూ ఉత్తరం వచ్చింది. మనసు కుదుటపడేందుకు ధ్యానం నేర్చుకుందామని వచ్చాడు. బీటిల్స్ లోపల ఉన్నందువల్ల బయటివాళ్లకు ప్రవేశం లేదన్నారు. అతను వెళ్లిపోలేదు. గేటు పక్కనే గుడారంలో ఎనిమిది రోజులు వేచి ఉన్నాడు. చివరికి లోపలికి రానిచ్చి ధ్యానం నేర్పారు. తర్వాత అతను అలా నడుస్తూ వెళ్తుంటే బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ కనిపించారు. కూర్చోవచ్చా అని అడిగితే కుర్చీ లాగి కూర్చోమన్నారు. తన బాధ చెప్పుకుంటే లెనన్ విని, ప్రేమకు మరో అవకాశం ఉంటుందని ఓదార్చాడు. ఆ వారం రోజుల్లో సాల్జ్‌మన్ తన మామూలు కెమెరాతో తీసిన ఫొటోలు దాదాపు ముప్పై ఏళ్లు పెట్టెలో పడి ఉన్నాయి. కూతురు అడిగాక బయటికి తీసి 2000లో పుస్తకంగా వేశాడు. ఆ ఆశ్రమం ఇప్పుడు రాజాజీ పులుల అభయారణ్యంలో ఉంది. 2015 డిసెంబరు నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు.

గేటుకు మరో ముఖం

ఇంతవరకు చదివి గేట్లన్నీ తీసేయాలని నేను అంటున్నానని అనుకోవద్దు. 1980 డిసెంబరు 8 సాయంత్రం న్యూయార్క్‌లో ఇంటి ముందు నిలబడ్డ ఒక వ్యక్తి చేతిలోని ఆల్బమ్ మీద జాన్ లెనన్ సంతకం చేసి ఇచ్చాడు. అదే రాత్రి ఇంటికి తిరిగొస్తుంటే అదే వ్యక్తి కాల్చి చంపాడు. అప్పుడు లెనన్‌కు 40 ఏళ్లు. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లందరి మనసు ఒకేలా ఉండదు. కాపలా ఎందుకుంటుందో ఆ రాత్రి చెబుతుంది. ఆ రోజు రోడ్డు దాటిన పిల్లలను చూసి నాకు కలిగిన భయం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఆ భయంతో నేను చేసిన పనే తప్పు.

మన ఊళ్లలో

మన దగ్గర పాటగాడికీ వినేవాడికీ మధ్య గేటు లేదు. దండారి రోజుల్లో గుస్సాడీ బృందం పక్క ఊరికి వెళ్తే ఆ ఊరే ఎదురొచ్చి అతిథులుగా తీసుకుపోతుంది. మర్లవాయి కనకరాజు గారు ఆ ఆటను ఎందరికో నేర్పి, 2021లో పద్మశ్రీ గౌరవం పొందారు. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారు డోలి కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ, మన వంశాల కథలు చెప్పారు. 2022లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్లను కలవాలంటే ఎవరూ గేటు పక్కన గుడారం వేసుకోవాల్సిన పని ఉండేది కాదు.

ఇంటికి వెళ్లిపోయిన ఆ పిల్ల కోసం నేను రెండుసార్లు ఆ ఊరికి వెళ్లాను. మొదటిసారి తండ్రి మాట్లాడలేదు. రెండోసారి వాళ్ల నానమ్మ మంచం వాల్చి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"పాటగాళ్లు ఊరికొస్తే మేం ఎదురుపోయి ఇట్లనే మంచం వాల్చి నీళ్లిస్తం మేడమ్మా. మా పిల్ల గదే చేసింది. తప్పెట్లయితది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పిల్లల ముందు అలా మాట్లాడి ఉండాల్సింది కాదని తండ్రితో చెప్పాను. ఆ పిల్లతోనూ చెప్పాను. రెండు రోజుల తర్వాత పెట్టె పట్టుకుని తండ్రితో పాటు గేటు దగ్గరికి వచ్చింది. తాళం నేనే తీశాను.

ఇప్పుడు మా హాస్టల్‌లో నెలకొక ఆదివారం చుట్టుపక్కల ఊళ్ల పాటగాళ్లను లోపలికి పిలుస్తాం. పిల్లలే మంచాలు వాల్చి నీళ్లిస్తారు. కొందరు పెద్దలు తాము పాడుతూ పాడుతూ మధ్యలో ఆపి, తర్వాతి చరణం వచ్చినవాళ్లు అందుకోమంటారు. రోడ్డు మీదికి మాత్రం ఇప్పటికీ అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఆ నియమం మారలేదు.

ఈ సంచిక చదివే వార్డెన్లకు, టీచర్లకు, సంఘం పెద్దలకు నాదొక మనవి. మన కళాకారుల్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లు బతికుండగానే మన పిల్లలు ఒకసారైనా వాళ్ల పక్కన కూర్చోవాలి. మీ ఊరి పాటగాడు మీ బడి ముందు నుంచి వెళ్తుంటే ఆపి లోపలికి పిలవండి. లిజీ బ్రావోలాంటి గొంతు మన పిల్లల్లో ఎవరిదో ఆ రోజే తెలియవచ్చు.