ఇనాంగావ్ తలలేని మట్టిబొమ్మ: సంతాన విశ్వాసాల పరిశీలన

దక్కనులో లభించిన ప్రాచీన మట్టి స్త్రీమూర్తులను ‘అమ్మతల్లి’ అనే ఒకే పేరుతో వ్యవహరించడం పురావస్తు రచనలలో పరిపాటి. కటి, స్తనాలు స్ఫుటంగా కనిపిస్తే చాలు, అది సంతానదేవత అన్న నిర్ణయం వెలువడుతుంది. ఈజిప్టు, క్రీటు ప్రాంతాల బొమ్మలపై పీటర్ అక్కో 1968లో ప్రచురించిన గ్రంథం ఈ పద్ధతిని ప్రశ్నించింది. ఆటబొమ్మలు, తంతు ముగిశాక పారవేసిన బొమ్మలు కూడా పూజామూర్తుల పోలికతోనే ఉండవచ్చు. కనుక రూపంకన్న ముందు చూడవలసింది బొమ్మ దొరికిన చోటు, దొరికిన స్థితి.

ఈ దృష్టితో చూడదగిన సాక్ష్యం మహారాష్ట్రలోని పుణె జిల్లా, ఘోడ్ నది ఒడ్డున ఉన్న ఇనాంగావ్‌లో ఉంది. దక్కన్ కళాశాల 1968లో అక్కడ తవ్వకాలు ప్రారంభించింది. తొలి జోర్వే దశకు (క్రీ.పూ. 1400–1000) చెందిన ఒక ఇంటి నేల కింద మూతగల మట్టిపెట్టె, దానితోపాటు తలలేని స్త్రీబొమ్మ, ఎద్దుబొమ్మ బయటపడ్డాయి. స్త్రీబొమ్మ పొట్టలో ఒక రంధ్రం, ఎద్దు వీపుపై మరొక రంధ్రం ఉన్నాయి. రెండింటిలోనూ పుల్ల గుచ్చితే ఆమె ఎద్దుపై నిలుస్తుంది. ఆ రెండు బొమ్మలనూ ఒక జతగానే చేశారనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఈ బొమ్మలను కాల్చలేదు. కుండలను చక్కగా కాల్చి, రంగులతో చిత్రించగలిగిన జోర్వే కుమ్మరులకు బొమ్మను కాల్చడం రాదనుకోలేము. పచ్చిమట్టితో చేసి, కొలిచి, నిమజ్జనం చేసే వినాయకుని ఎరిగిన తెలుగువారికి ఇందులో వింత తోచదు. కలకాలం నిలవడం ఆ బొమ్మ ప్రయోజనం కాదు. తంతు జరిగినంతసేపు ఉంటే చాలు. పైగా అది ఊరి గుడిలో కాక ఒక ఇంటి నేల కింద ఉన్నది; ఆ మొక్కు ఆ ఇంటిదే కావాలి.

ఏమిటా మొక్కు? ఇనాంగావ్ ఇళ్ల నేలల కిందనే మరొకటి విరివిగా కనిపిస్తుంది. రెండు కుండలను మూతికి మూతి కలిపి, అందులో చనిపోయిన పసిబిడ్డను ఉంచి పూడ్చేవారు. అక్కడి సమాధులలో అధికభాగం పిల్లలవే. ఆ ఇళ్లలో కడుపు పండడంకన్న పుట్టిన బిడ్డ బతకడమే గండం. ఇంటి నేల కింద పూడ్చిన ఈ బొమ్మను కేవలం సంతానం కోరిన మొక్కుగా చూడడంకన్న, బిడ్డల ప్రాణాలకు కోరిన రక్షగా చూడడం ఆ సమాధులకు సరిపోతుంది.

ఇటువంటి కోరికకు అక్షరసాక్ష్యం చాలా తరువాతి కాలంలో, ఆంధ్రదేశంలో లభిస్తుంది. నాగార్జునకొండలో దొరికిన లజ్జాగౌరి శిల్పంపై ఇక్ష్వాకు రాజు ఎహువుల చాంతమూలుని రాణి ఖండువుల శాసనం ఉన్నది. ఇనాంగావ్ బొమ్మకూ దీనికీ మధ్య పదిహేను శతాబ్దాలకు పైగా ఎడం ఉన్నందున, రెండింటినీ ఒకే దేవతగా కలపడం తొందరపాటే. అయినా రాణి తనకు చెప్పుకొన్న విశేషణాలు గమనింపదగినవి: ఆమె ‘అవిధవ’, ‘జీవపుత్ర’. బిడ్డలను కన్నానని మాత్రమే చెప్పుకోలేదు. కన్న బిడ్డ బతికి ఉన్నాడని రాతిపై చెక్కించింది.