హైదరాబాదు పర్యటనలో బస

రెండు మూడు రోజుల కోసం హైదరాబాదు చూడవచ్చే యాత్రికులకు లాడ్జీలు, హోటళ్ళు, ప్రభుత్వ అతిథిగృహాలు, రైల్వే విశ్రాంతి గదులు, బంధువుల ఇళ్ళు బసగా ఉపయోగపడుతున్నాయి. నగరం పడమర దిక్కున పటాన్‌చెరు, సంగారెడ్డిల వరకు విస్తరించడంతో బస చేసే చోటికీ, చూడదలచిన చోటికీ మధ్య దూరం బాగా పెరిగింది. అందుచేత తక్కువ కాలం ఉండేవారికి గది అద్దె కంటే గది ఉన్న స్థలమే ముఖ్యమైన విషయమైనది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోని పటేల్‌గూడ ఇందుకు మంచి ఉదాహరణ. ఇక్కడి నుండి చార్మినారు రోడ్డు మార్గంలో ముప్పై కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

చరిత్ర

బాటసారులకు బస కల్పించడం ఈ ప్రాంతంలో పాత సంప్రదాయమే. గోల్కొండ రాజ్యంలో వర్తకుల బిడారులు దిగే చోట్లలో సరాయిలు ఉండేవి. నేటి కార్వాన్ పేట పేరు ఆ బిడారుల నుండి వచ్చినదే. గోల్కొండకు సమీపంలోని షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలం నాటి రెండంతస్తుల సరాయి ఇప్పటికీ కనిపిస్తుంది. అందులో ప్రయాణికులకు గదులు, వారి జంతువులకు సాలలు ఉండేవి.

రైలు వచ్చిన తరువాత బస కూడా రైలు వెంట నడిచింది. సికింద్రాబాదు స్టేషను 1874లోను, నాంపల్లి స్టేషను 1907లోను, కాచిగూడ స్టేషను 1916లోను ఏర్పడ్డాయి. నాంపల్లి స్టేషను ఎదుట ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఒక పెద్ద సరాయి నిర్మించబడినది. తరువాతి కాలంలో నాంపల్లి, అబిడ్స్, లక్డీకాపూల్, కోఠి, కాచిగూడలలో లాడ్జీలు వెలిశాయి. ఊరి నుండి వచ్చినవాడు పెట్టె చేతపట్టుకొని నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఇవి ఉండడం గమనించదగినది. 1994లో ఇమ్లిబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషను ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల కూడా బసకు గిరాకీ పెరిగింది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడంతో ఈ క్రమం మారింది. కొత్త హోటళ్ళు స్టేషన్ల పక్కన కాక, కార్యాలయాల పక్కన కట్టబడ్డాయి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హోటళ్ళలో ఎక్కువ భాగం ఉద్యోగపు పని మీద వచ్చేవారిని ఉద్దేశించినవి. అందువలన పని దినాలలో కంటే శని, ఆదివారాలలో అక్కడ అద్దె తగ్గే అవకాశం ఉంటుంది. సెలవులకు వచ్చేవారు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు.

పటేల్‌గూడ వంటి శివార్లలో బస

పటేల్‌గూడకు యాత్రాస్థలంగా పేరు లేదు. 1960లలో రామచంద్రాపురంలో వచ్చిన బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరు వద్ద ఏర్పడిన ఇక్రిశాట్, తరువాత పెరిగిన పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు, ఆపై బాహ్య వలయ రహదారి ఈ ప్రాంతానికి జనాన్ని తెచ్చాయి. ఇళ్ళు పెరిగాయి గానీ, లాడ్జీల సంప్రదాయం ఇక్కడ ఏర్పడలేదు. ఇక్కడ దిగేవారిలో అధికులు కొత్తగా ఇల్లు కట్టుకున్న లేదా కొనుక్కున్న కొడుకు, కూతురు, అన్నదమ్ముల ఇంటికి వచ్చినవారే.

చుట్టాల ఇంట దిగడం వలన అద్దె మిగులుతుంది, ఇంటి భోజనం దొరుకుతుంది, ముసలివారికి, పసివారికి నెమ్మదిగా ఉంటుంది. అయితే ప్రయాణపు లెక్క వేరు. పటేల్‌గూడ నుండి బీరంగూడ మీదుగా మియాపూర్ మెట్రో స్టేషను చేరడానికి పది కిలోమీటర్లకు పైగా ఆటోలోనో బస్సులోనో వెళ్ళాలి. అక్కడి నుండి మెట్రోలో మహాత్మాగాంధీ బస్ స్టేషను, అక్కడి నుండి మరల ఆటోలో చార్మినారు. ఒక వైపు ప్రయాణానికే గంటన్నర నుండి రెండు గంటల వరకు పట్టవచ్చు. రెండు రోజులు రోజూ వచ్చిపోతే సుమారు ఆరు నుండి ఎనిమిది గంటలు, అనగా ఒక పగటిపూట అంతా దారిలోనే గడుస్తుంది. నలుగురు మనుషులకు ఆటోలు, మెట్రో టిక్కెట్లు కలిపి చూస్తే మిగిలిందనుకున్న అద్దెలో కొంత భాగం కూడా కరిగిపోతుంది. పైగా ఇంటివారు ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయేవారైతే, తెల్లవారుజామున లేచేవారికి రాత్రి పొద్దుపోయి వచ్చే అతిథుల కోసం తలుపు తీయడం కష్టమే. వారు ఆ మాట పైకి అనరు.

కనుక చుట్టపుచూపు, నగర దర్శనం రెండూ కావలసినవారు వాటిని కలపకుండా, ఒక రాత్రి బంధువుల ఇంట, ఒక రాత్రి నగరం నడుమ ఉండడం మేలు. బంధువుల ఇంట గడిపే రోజున చూడడానికి దగ్గరలోనే అమీన్‌పూర్ చెరువు ఉన్నది. వలస పక్షులకు పేరుపొందిన ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

అయితే శివారులోనే పని ఉన్నవారి విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. కంది ఐ.ఐ.టి.లో గాని, రుద్రారం గీతం విశ్వవిద్యాలయంలో గాని పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు అలవాటు కొద్దీ నాంపల్లిలో గది తీసుకుంటే, పొద్దున్నే నగరమంతా దాటి వెనక్కి రావలసి ఉంటుంది. వారికి చందానగర్, లింగంపల్లి, పటాన్‌చెరు ప్రాంతాలే అనుకూలం.

స్థలాన్ని నిర్ణయించే విషయాలు

మొదట చూడవలసినది దిగే స్టేషను. కాకినాడ నుండి వచ్చే గౌతమి, తిరుపతి నుండి వచ్చే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లు లింగంపల్లి వరకు నడుస్తాయి. పటేల్‌గూడ వెళ్ళేవారు సికింద్రాబాదులో దిగకుండా అక్కడి వరకు టిక్కెట్టు తీసుకోవడం మంచిది. 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ నగరానికి తూర్పు కొసన ఉన్నది. అక్కడ దిగి పటేల్‌గూడ చేరాలంటే నగరాన్ని ఈ చివర నుండి ఆ చివరకు దాటాలి.

రెండవది మెట్రో. మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ వరకు ఉన్న 29 కిలోమీటర్ల మార్గం 2018 సెప్టెంబరులో పూర్తయినది. అమీర్‌పేట, పంజాగుట్ట, లక్డీకాపూల్, నాంపల్లి, మహాత్మాగాంధీ బస్ స్టేషను దీని మీదనే ఉన్నాయి. ఈ మార్గంలో ఏ స్టేషనుకైనా నడిచి వెళ్ళగలిగే దూరంలో గది దొరికితే, పాతనగరానికీ పడమటి శివారుకూ సమానంగా అందుబాటులో ఉన్నట్లే. మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది కనుక రాత్రి భోజనానికి దూరం వెళ్ళేవారు గడియారం చూసుకోవాలి. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో 2023 డిసెంబరు నుండి తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన మహిళలకు ఇది వర్తించదు.

మూడవది వారం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం తెరవరు. శుక్రవారం దిగినవారు ఆ రోజు గోల్కొండ కోటకు వెళ్ళి, పాతనగరాన్ని శనివారానికి ఉంచుకోవడం ఉత్తమం. గోల్కొండ పడమటి వైపు ఉండడం వలన పటేల్‌గూడ నుండి బయలుదేరి గది చేరే దారిలోనే దానిని చూడవచ్చును. గోల్కొండ సమీపంలోని తారామతి బారాదరి వద్ద, బేగంపేటలోని హరిత ప్లాజాలో రాష్ట్ర పర్యాటక సంస్థ వసతి గృహాలున్నాయి.

గది తీసుకొనేటప్పుడు

స్టేషన్ల వద్ద లాడ్జీలలో చాలావరకు గదిలో దిగిన గంట నుండి 24 గంటలు లెక్కిస్తారు. పెద్ద హోటళ్ళలో మధ్యాహ్నం దిగి, మరునాడు ఉదయం పదకొండు, పన్నెండు గంటలకు ఖాళీ చేయడం పద్ధతి. రాత్రి రైలులో వచ్చి తెల్లవారి అయిదింటికి దిగేవారికి ఈ తేడా చాలా పెద్దది. రెండవ పద్ధతిలో వారు స్నానం చేయడానికి మధ్యాహ్నం దాకా ఆగాలి, లేదా అదనంగా చెల్లించాలి. ఆన్‌లైనులో ముందుగా డబ్బు కట్టేవారు ఈ వేళలను ఫోనులో అడిగి తెలుసుకోవడం అవసరం. ఇటువంటివారికి రైల్వే విశ్రాంతి గదులు కూడా ఉపయోగకరం. వీటిని టిక్కెట్టు పి.ఎన్.ఆర్. సంఖ్యతో కొన్ని గంటలకు కూడా తీసుకోవచ్చును. తిరుగు రైలు రాత్రి అయితే సామాను స్టేషనులోని క్లోక్‌రూములో ఉంచి, గదిని ఉదయమే ఖాళీ చేయవచ్చు.

గుర్తింపు పత్రం ప్రతి వయోజనుడికీ ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె గల గదులపై వస్తు సేవల పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. చెప్పిన అద్దెలో పన్ను కలిసి ఉన్నదో లేదో ముందే అడగాలి.

విశేష బసలు

ఆరవ నిజాము నివసించిన ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుండి హోటలుగా నడుస్తున్నది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రయోగం సంగారెడ్డిలో జరిగింది. 1796లో కట్టిన పాత జైలు నుండి ఖైదీలను తరలించిన తరువాత దానిని మ్యూజియంగా మార్చి, 2016లో సందర్శకులకు ఒక రోజు ఖైదీ జీవితాన్ని చూపే పథకాన్ని జైళ్ళ శాఖ ప్రారంభించింది. 500 రూపాయలు కట్టినవారికి ఖైదీ దుస్తులు, పళ్ళెం, గ్లాసు ఇచ్చి, జైలు భోజనం పెట్టి, 24 గంటలు గదిలో ఉంచేవారు.